చెక్కముక్కల మడికి తోడు

మార్చి 3, సోమవారం

నోటీసు వచ్చింది. నలభై అయిదు రోజులు గడువు. ఏప్రిల్ పదిహేడున ఇన్‌స్పెక్షన్ ఆవిడ మళ్ళీ వస్తుంది. ఆ రోజు ప్రహరీ గోడ బయట కంపు ఉంటే ఫ్యాక్టరీకి తాళమే.

మేనేజర్ గారు అందర్నీ బాయిలర్ షెడ్డు దగ్గరికి పిలిచి చదివి వినిపించారు. "చేపల తలకాయలు ఉడకబెట్టే చోట మల్లెపూల వాసన రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు బాయిలర్ బాబాయి. ఎవరూ నవ్వలేదు. తొంభై మందిమి. బాబాయికి రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలుంది.

"గాలి డిపార్ట్‌మెంటు నీదే కదమ్మా. ఏం చేద్దాం?" అని మేనేజర్ గారు అందరి ముందూ నన్నే అడిగారు.

"చూస్తానండీ" అన్నాను. వాసన చూస్తానని మాత్రం అనలేదు.

ఇక్కడైతే రాసుకోవచ్చు. ఈ పుస్తకం ఎవరూ చదవరు. నాకు వాసన తెలియదు. రెండేళ్ళ కిందటి జ్వరంతో పోయింది, తిరిగి రాలేదు. కంపు పోగొట్టడానికి జీతం తీసుకునే మనిషికి ముక్కు పనిచేయదని ఫ్యాక్టరీలో ఒక్కరికీ తెలియదు.

మార్చి 4, మంగళవారం

నోటీసుతో పాటు ఫిర్యాదు కాయితం నకలు కూడా పంపారు. రెండు వందల పన్నెండు సంతకాలు. మొదటిది వెనక వీధి లాండ్రీ ఆయనది. నాలుగేళ్ళుగా వారానికో ఉత్తరం రాస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి డాబా మీద ఆరేస్తే, మా కంపు పట్టి మళ్ళీ ఉతకాల్సి వస్తోందట, ఆర్నెల్లుగా మరీనట.

నలభై ఒకటో సంతకం దగ్గర నా చూపు ఆగిపోయింది. వంకరటింకర అక్షరాలు. మా అత్తయ్యవి.

ఇంటికి వచ్చి అడిగాను.

"పెట్టాను" అంది కూర తరుగుతూ.

"నేను అక్కడే పనిచేస్తున్నాను కదా అత్తయ్యా."

"అందుకే నలభై మంది అయ్యేదాకా ఆగాను. మరి కంపు కొడుతోంది కదే."

తర్వాత కత్తి పక్కన పెట్టి, "అసలు నువ్వక్కడ చేసేదేమిటో సరిగ్గా చెప్పు" అంది. పదకొండేళ్ళకి అడిగింది. చెప్పాను. ఉడికే పీపాల్లోంచీ ఆరబెట్టే డ్రమ్ముల్లోంచీ లేచే ఆవిరిని ఫ్యాను గొట్టాల్లోకి లాగుతుంది. నీళ్ళ టవర్లో ఆ గాలి స్నానం చేస్తుంది. ఆ తర్వాత వెనక పెరట్లో, ఇల్లంత తొట్టిలో నడుం లోతున పరిచిన చెక్కముక్కల కిందికి వెళ్తుంది. ఆ చెక్క ఎప్పుడూ తడిగా ఉండాలి. దాని మీద కంటికి కనపడని పురుగులు బతుకుతాయి. కంపే వాటి తిండి. అవి తినగా మిగిలిన మంచి గాలి పైకొస్తుంది. మేం దాన్ని మడి అంటాం.

"అంటే పురుగులకి అన్నం పెడుతున్నావన్నమాట" అంది అత్తయ్య. "మరి సరిగ్గా తినడం లేదేం?"

అదే నాకూ అంతుపట్టడం లేదు. మడిలో గాలికి ఎదురెంతో చూపే గేజీ బాగానే ఉంది. ఆర్నెల్లుగా ముల్లు తగ్గుతూ వస్తోంది. ఫ్యానుకి శ్రమ తగ్గింది, కరెంటు ఆదా అవుతోంది. మంచి లక్షణమే.

మార్చి 8, శనివారం

లాండ్రీకి వెళ్ళాను. పని మీదే.

"ఫ్యాక్టరీ నుంచి వచ్చానండీ" అన్నాను గుమ్మంలో నిలబడి.

"తెలుసు" అన్నాడు ఇస్త్రీ ఆపకుండా. "మీరు మెట్లెక్కకముందే తెలిసింది."

నా మొహం ఎలా మారిందో ఏమో, వెంటనే తలెత్తాడు. యాభై ఉంటాయేమో. చెవుల పక్కన మాత్రమే నెరిసింది. "అయ్యో, మిమ్మల్ని కాదండీ. యూనిఫారాన్ని అన్నాను" అన్నాడు. దాంతో ఇంకా ఇబ్బంది అయింది, ఇద్దరికీ. చివరికి కుర్చీ తుడిచి వేశాడు.

ఆయన దగ్గర మూడు లావుపాటి నోటుపుస్తకాలున్నాయి. తేదీ, గంట, గాలి ఎటు, ఏ తాడు మీది దుప్పటికి ముందు కంపు పట్టింది. నాలుగేళ్ళది. నన్ను డాబా మీదికి తీసుకెళ్ళి చూపించాడు. తాళ్ళు డాబా మీద అయిదు, కింద పెరట్లో గోడ పక్కన రెండు.

"మీ ఇంజనీర్లు ముగ్గురొచ్చి చిమ్నీ వైపు చూసి వెళ్ళారు. చిమ్నీలోంచి వస్తే ముందు డాబా మీది దుప్పట్లకి పట్టాలి కదండీ. పట్టేది కింద తాళ్ళకి. అంటే అది ఎగిరి రావడం లేదు, పాకుతూ వస్తోంది."

తాళ్ళ వైపు మళ్ళీ చూశాను. ఆ ముక్క నాలుగేళ్ళలో మాలో ఒక్కరికీ తట్టలేదు.

మార్చి 10, సోమవారం

లాండ్రీకి వెళ్ళాను. ఎలా పట్టుకోవాలో ఆయనే చెప్పాడు. పన్నెండు తెల్లగుడ్డ ముక్కలకి చెరగని సిరాతో నంబర్లు వేసి, తడిపి, ఫ్యాక్టరీ చుట్టూ కట్టాలి. రెండు గంటల తర్వాత విప్పి మూతలున్న డబ్బాల్లో పెట్టి తెస్తే ఆయన వాసన చూసి చెప్తాడు.

మార్చి 12, బుధవారం

లాండ్రీకి వెళ్ళాను. డబ్బాలు ఇవ్వడానికి.

మార్చి 13, గురువారం

లాండ్రీకి. గాలి మారింది కాబట్టి మళ్ళీ కట్టి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

మార్చి 14, శుక్రవారం

పట్టుబడ్డాను.

మార్చి 16, ఆదివారం

నిన్నంతా పుస్తకం ముట్టుకోలేదు. జరిగింది రాస్తాను.

శుక్రవారం ఆయన డబ్బాలు ఒక్కొక్కటీ మూత తీసి చూస్తున్నాడు. ఏడో నంబరు దగ్గర తల వెనక్కి లాగి, "ఇదేనండీ" అన్నాడు. ఏడు వెనక పెరట్లో, మడి గోడ దగ్గర కట్టింది. ఆ వెంటనే ఒక గుడ్డ నా చేతికిచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, "అబ్బ, ఘాటుగా ఉంది" అన్నాను.

ఆయన ఏడో డబ్బాకి మూత పెట్టాడు. మెల్లగా, "అది రుమాలండీ. చేతులు తుడుచుకోమని ఇచ్చాను. పొద్దున్నే ఉతికింది" అన్నాడు.

లేచి వచ్చేద్దామనుకున్నాను. రుమాలు మడత పెడుతూ కూర్చున్నాను.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు. చెప్పాను. జ్వరం సంగతి, ఉద్యోగం పోతుందని దాచిన సంగతి, ఎదుటివాళ్ళ మొహాలు చూసి నేనూ ముక్కు మూసుకునే సంగతి. రెండేళ్ళలో నోరు తెరిచి ఒకరికి చెప్పడం అదే మొదటిసారి.

"నేనెవరికీ చెప్పను" అన్నాడు. "గొట్టాల సంగతి నాకు తెలీదు, మీకు తెలుసు. వాసన నాకు తెలుసు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి పని అవుతుంది కదా."

తర్వాత ఏడో నంబరు గుడ్డ ఎలా ఉందో మాటల్లో చెప్పాడు. తడిసిన కుక్క, మూడుసార్లు కాగిన నూనె, అడుగున తుప్పు పట్టిన మేకు. నేను రాసుకున్నాను. మరి ఆ రుమాలో అని కూడా అడిగాను. పనికి సంబంధించిన ప్రశ్న కాదు అది.

"ఎండ వాసన" అన్నాడు.

రుమాలు నా సంచిలోనే వచ్చేసింది. ఇచ్చేయాలి.

మార్చి 19, బుధవారం

మడి గోడ వెంట చెక్కముక్కలు తవ్వించాను. చెయ్యి పట్టేంత సందు, గోడ పొడుగునా. చెక్క ఎండి, కుంగి, గోడని వదిలేసింది. కంపు గాలి చెక్కని తాకకుండా ఆ సందులోంచే నేరుగా పైకొచ్చి, గోడ దిగి పాకుతోంది.

గేజీ ముల్లు అందుకే తగ్గింది. గాలికి ఎదురు లేదు. ఎదురు లేని గాలి శుభ్రపడదు. ఆ సంగతి కొత్తగా చేరిన మెకానిక్కి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆర్నెల్లుగా రోజూ ఆ అంకె రిజిస్టర్లో రాస్తూ, మంచిదే, మంచిదే అనుకున్నాను. మంచిదనుకుంటే ముక్కుతో పని పడదు కదా.

మేనేజర్ గారికి చెప్పాను, తప్పు నాదేనని. ఆయన రిజిస్టరు తిరగేసి, "రోజూ నా సంతకం కూడా ఉందమ్మా ఇందులో" అన్నారు. మడి మొత్తం తీసి కొత్త చెక్క వేయడానికి ఒప్పుకున్నారు. సోమవారం నుంచి వారం రోజులు పీపాలు ఆపుతారు.

రుమాలు ఇవ్వలేదు. మర్చిపోయాను.

మార్చి 21, శుక్రవారం

"గాలి రోజూ లాండ్రీ వైపే వీస్తోందా అమ్మాయ్?" అంది అత్తయ్య.

ఈ కాలంలో అటే వీస్తుందని చెప్పాను.

మార్చి 26, బుధవారం

చేతులు నొప్పులుగా ఉన్నాయి. అయినా ఇది రాయాలి.

కొత్త చెక్క రెండ్రోజుల కిందట వచ్చింది. పాతది ఇవాళ మూడు లారీల్లో ఊరి బయట పారబోయడానికి ఎత్తించారు. నేను అయిదింటికి ఇంటికొచ్చాను. అత్తయ్య పాలు తోడు పెడుతోంది.

"మొత్తం తీసేశారా?"

"మొత్తం. తొట్టి కడిగేశాం కూడా. రేపట్నుంచి కొత్త చెక్క."

"కొత్త చెక్కలో ఆ పురుగులుంటాయా?"

"మెల్లగా అవే పుడతాయి అత్తయ్యా. రెండు నెలలో, మూడు నెలలో..." అంటూనే ఆగిపోయాను. మాకున్నది మూడు వారాలు.

అత్తయ్య స్పూను పైకెత్తి నా వైపు చూసింది. "పాలు ఎంత మంచివైనా, నిన్నటి పెరుగు ఒక చుక్క వేయకపోతే తోడుకోవు కదే. ఉన్న గిన్నె కడిగేసుకుని వచ్చావా?"

చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తు లేదు. పరిగెత్తుతూనే బాయిలర్ బాబాయికి ఫోన్ చేశాను. "రెండు లారీలు వెళ్ళిపోయాయి. మూడోది కాటా మీద ఉంది" అన్నాడు. "దాని ముందు నిలబడు బాబాయ్" అన్నాను. నేను వెళ్ళేసరికి ఆయన లారీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. బాబాయి చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, "గాలి అమ్మాయి వస్తోంది, ఆగు" అంటున్నాడు.

ఒక్క లారీ మిగిలింది. బాగా కుళ్ళి నల్లబడ్డ చెక్క, ఇంకా వెచ్చగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. బతికే ఉన్నాయి.

మార్చి 28, శుక్రవారం

పది తట్టల కొత్త చెక్కకి ఒక తట్ట పాతది. అందరం వేశాం. ప్యాకింగ్ వాళ్ళు, కాటా గుమాస్తా, మేనేజర్ గారు కూడా ప్యాంటు మడుచుకుని. గోడ వెంట నేనే కాళ్ళతో తొక్కి సందు లేకుండా దట్టించాను. "ఇంత పెద్ద గిన్నెకి తోడు పెట్టడం నా జన్మలో చూడలేదు" అన్నాడు బాబాయి.

ఏప్రిల్ 1, మంగళవారం

నిన్న పీపాలు వెలిగించారు. లాండ్రీ ఆయన రోజూ కంపుకి పదికి ఇన్ని అని మార్కులు వేస్తానన్నాడు. ఇవాళ చీటీ పంపాడు. తొమ్మిది.

ఏప్రిల్ 3, గురువారం

తొమ్మిది.

ఏప్రిల్ 5, శనివారం

ఎనిమిది. చీటీ కింద, "ఎనిమిదిన్నర వేయాలి. అర మీ శ్రమకి తగ్గించాను" అని రాశాడు. అలా చేయకూడదని, లెక్క లెక్కలాగే ఉండాలని చెప్పడానికి వెళ్ళాను. గంటన్నర పట్టింది చెప్పడానికి.

ఏప్రిల్ 7, సోమవారం

తొమ్మిది. మళ్ళీ పెరిగింది.

రెండు గంటలకోసారి వేడి, తడి, గేజీ చూస్తున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అలా అని ఇదివరకూ అనుకున్నాను కదా. నా మీద నాకే నమ్మకం లేదు.

సాయంత్రం వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అత్తయ్య నా యూనిఫారం బకెట్లో వేస్తూ, "దీనికి పట్టే కంపు తగ్గిందే. నిజంగా తగ్గింది. నీకు తెలియదులే" అంది.

"నాకేం తెలియదు?"

"వాసన. కిందటేడు పాలు మాడి ఇల్లంతా పొగ నిండితే పక్క గదిలో కూర్చుని రాసుకుంటున్నావు. నేను గుడ్డిదాన్నా?"

"ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. నీకు ఉతికి పెట్టే యూనిఫారం రెండుసార్లు ఉతుకుతున్నాను. అంతే."

ఎనిమిదేళ్ళ కిందట మా ఆయన పోయినప్పుడు, అమ్మావాళ్ళు నన్ను తీసుకుపోతామని వస్తే, నేను వెళ్ళలేదు. అందరూ నేను అత్తయ్యని చూసుకుంటున్నానని అంటారు. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఆరు. ఒక్కసారిగా ఆరు.

ఏప్రిల్ 12, శనివారం

నాలుగు. బాబాయి చీటీని బాయిలర్ షెడ్డు తలుపుకి అంటించాడు. షిఫ్ట్ మారేటప్పుడు అందరూ వచ్చి చూసి వెళ్తున్నారు. "మార్కులు తగ్గితే పండగ చేసుకునే బడి ఇదొక్కటే" అన్నాడు కాటా గుమాస్తా.

ఏప్రిల్ 15, మంగళవారం

ఒకటి.

ఎందుకో చీటీ పంపలేదు, తనే వచ్చాడు. గేటు దగ్గర నిలబడి చెప్పి వెళ్ళాడు. కింద తాళ్ళ మీద నాలుగేళ్ళ తర్వాత దుప్పట్లు రాత్రంతా ఉంచాడట. ఒక్కటి కూడా మళ్ళీ ఉతకలేదట. చెప్తుంటే ఆయన కళ్ళు మెరిశాయి. దుప్పట్ల గురించే.

రుమాలు ఇచ్చేశాను. ఉంచుకోమన్నాడు. ఉంచుకున్నాను.

ఏప్రిల్ 17, గురువారం

నెమ్మదిగా, వరుసగా రాస్తాను.

ఇన్‌స్పెక్షన్ ఆవిడ పదింటికి వచ్చింది. వెంట ఇద్దరు సహాయకులు, గాలి పట్టే సంచులు. పీపాలన్నీ పూర్తిగా వెలిగించి ఉంచమంది. ప్రహరీ చుట్టూ మూడుసార్లు నడిచింది. లాండ్రీ పెరట్లో కింద తాళ్ళ మధ్య ఇరవై నిమిషాలు నిలబడింది. తిరిగొచ్చి మడి పక్కన ఆగి, అందరి ముందూ నన్నడిగింది. "ఫిల్టర్లు చూసేది మీరేనా? మీ ముక్కుకి ఎలా ఉంది?"

తొంభై మంది నా వైపు చూస్తున్నారు. బాగుందండీ అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు వాసన తెలియదండీ" అన్నాను. "రెండేళ్ళయింది."

మేనేజర్ గారి చేతిలో ఫైలు కాస్త కిందికి జారింది. ఇన్‌స్పెక్షన్ ఆవిడ అటు తిరిగింది. పక్కనున్న ప్యాకింగ్ అమ్మాయిని అడిగింది. "మీకు?" ఏమీ రావడం లేదని ఆ అమ్మాయి చెప్పింది. కాటా గుమాస్తాని అడిగింది. బాబాయిని అడిగింది. ఎవరికీ ఏ వాసనా రావడం లేదు.

"కిందటిసారి గుమ్మంలోనే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ రోజు కూడా మీరంతా ఇదే మాట చెప్పారు" అంది ఆవిడ. "రోజూ ఇందులో ఉండేవాళ్ళ ముక్కుకి ఇది తెలియదు. మీ మేనేజర్‌తో సహా. తెలియదని ఒప్పుకున్నది ఈవిడ ఒక్కతే."

తర్వాత నా రిజిస్టరు తీసుకుంది. మార్చి ముప్పై ఒకటి నుంచి రెండు గంటలకోసారి రాసిన వేడి, తడి, గేజీ, పక్క గడిలో లాండ్రీ మార్కు. పేజీలన్నీ చదివింది. "ఈ పక్క గడి ఎవరి ఆలోచన?"

"ఫిర్యాదులో మొదటి సంతకం చేసిన ఆయనదండీ."

ఆవిడ అప్పుడు నవ్వింది. నోటీసు రద్దు చేసి అక్కడే, మడి గోడ మీద కాయితం పెట్టుకుని సంతకం చేసింది. సంచుల పరీక్ష లాంఛనమే అంది. బాబాయి నన్ను పట్టుకుని ఏడ్చాడు. ప్యాకింగ్ వాళ్ళు మేనేజర్ గారికి దండ వేయబోతే ఆయన వద్దని, "వేస్తే ఆ చెక్కలకి వేయండి" అన్నారు. వేశారు కూడా.

సాయంత్రం మేనేజర్ గారు పిలిచారు. ఉద్యోగం గురించేననుకున్నాను. "ముక్కు సంగతి ముందే చెప్పాల్సింది అమ్మా. రెండేళ్ళు ఒక్కదానివే మోశావు" అన్నారు. ఇకనుంచి వెనక వీధి వాళ్ళు ముగ్గురిని నెలకోసారి పిలిచి వాసన చూపిస్తారట. రిజిస్టరు నాదే. ఉద్యోగం నాదే.

ఏప్రిల్ 18, శుక్రవారం

లాండ్రీకి వెళ్ళడానికి ఇవాళ పనేమీ లేదు.

వెళ్ళాను.

ఏప్రిల్ 20, ఆదివారం

పొద్దున అత్తయ్య మంచి చీర కట్టుకుని, "పద, దుప్పటి ఉతకడానికి ఇచ్చి వద్దాం" అంది. మా ఇంట్లో దుప్పట్లు ఎప్పుడూ తనే ఉతుకుతుంది. ఆ మాట అనలేదు నేను.

లాండ్రీలో ఆయన కుర్చీలు వేశాడు. అత్తయ్య కూర్చోలేదు.

"నాయనా, నేను సుత్తి లేకుండా మాట్లాడతాను" అంది. "ఇది నా కోడలు. కొడుకు పోయాక ఇదే నా కొడుకు. దీనికి నలభై నాలుగు. కోపం తక్కువ, మొండితనం ఎక్కువ. నెల రోజులుగా గాలి పేరు చెప్పి నీ దగ్గరికి వస్తోంది. నీకు ఇష్టమేనా?"

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఇష్టమేనండీ" అన్నాడు.

"ఒక షరతు ఉంది. అది ఎక్కడుంటే నేనూ అక్కడే."

"రండి, చూపిస్తాను" అన్నాడు ఆయన. లోపలికి తీసుకెళ్ళాడు. పెరటి వైపు, మెట్లెక్కే పని లేని గది. కొత్తగా సున్నం వేసి ఉంది. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన లేవడానికి పట్టుకునేందుకు గోడకి కర్ర బిగించి ఉంది. "మీకు మోకాళ్ళ నొప్పులని ఆవిడ చెప్పారు. ఎత్తు సరిపోయిందో లేదో ఒకసారి చూడండి" అన్నాడు.

అత్తయ్య మంచం మీద కూర్చుంది. కర్ర పట్టుకుని లేచింది. మళ్ళీ కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "సరిపోయింది" అంది.

తర్వాత ఇద్దరూ పప్పు డబ్బాలు ఎక్కడ పెట్టాలి, నీళ్ళు ఎన్ని గంటలకి వస్తాయి అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"నన్నెవరైనా అడుగుతారా?" అన్నాను.

ఇద్దరూ ఆగి నా వైపు తిరిగారు. ఆయన దగ్గరికొచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు. అడిగాడు. సరిగ్గా, పూర్తి వాక్యంలో అడిగాడు. ఆ వాక్యం ఇక్కడ కూడా రాయను.

ఔనన్నాను.

"గట్టిగా చెప్పవే, నాకు వినపడలేదు" అంది అత్తయ్య మంచం మీద నుంచి.

మళ్ళీ చెప్పాను.